కాసులు బోటు మీద ఏడు చేతులు

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపే తాబేళ్ల బంద్, దాని వెనకే వచ్చే వేసవి బంద్, రెండూ ముగిసి సముద్రం తెరిచిన రోజున మా పేటలో వాన పడలేదు. ఆకాశం మాత్రం పొద్దుటి నుంచీ సరుగుడు చెట్ల మీదకి దిగి కూర్చుంది. నెలల తరబడి ఇసకలో బోర్లా పడి ఉన్న బోట్లని తిప్పి, రంగులు వేసి, అలల అంచుకి లాక్కొచ్చారు. అన్నిట్లోకీ కొత్తది కాసులు అనే అతని ఫైబర్ బోటు. దాని నీలం రంగు ఇంకా వాసన వేస్తోంది.

మాది ఛత్రపూర్‌కి దిగువన ఒడ్డు మీద ఉన్న తెలుగు జాలర్ల పేట. సంతలో ఒడియా మాట్లాడతాం, ఇంట్లో తెలుగు. ఎక్కువ ఇళ్లు గంగమ్మని కొలుస్తాయి. మా అత్తగారి కాలం నుంచి కొన్ని ఇళ్లవాళ్లం ఏసు గుడికి వెళ్తాం. వేటకి అందరం దిగేది ఒకే నీళ్లలోకి కాబట్టి ఒకళ్ల సంగతి ఇంకొకళ్లకి తెలియకుండా ఉండదు.

కొత్త బోటు దింపేటప్పుడు గంగమ్మ వాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఆ బోటు మీద వేటకెళ్లే ప్రతి మనిషీ నూనెలో కలిపిన పసుపులో కుడి అరచెయ్యి ముంచి బోటు మొహం మీద అద్దాలి. వీళ్లంతా నావాళ్లు, చూసుకుని తిరిగి పంపు అని బోటు అమ్మవారికి చెబుతుందట. అక్కడ చెయ్యి పడనివాడు ఆ ఏడాది ఆ బోటు ఎక్కకూడదు. ఎక్కితే మిగిలినవాళ్లు దిగిపోతారు.

నా కొడుకు ధనరాజు అంతకు ముందు వాళ్ల పెదనాన్న రామమూర్తి బోటు మీద వెళ్లేవాడు. రామమూర్తి బావగారు మా సంఘపెద్ద. ఆయన బోటుకి పసుపూ కుంకుమా లేదు, పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే చాలు. కిందటేడు తుపానుకి ఆ బోటు పగిలింది. ఆయన ఇంజను అమ్మేసి ఇంటిపట్టున కూర్చున్నారు. ధనరాజు బంద్ అంతా ఊళ్లోవాళ్ల వలలు కుట్టాడు. కోడలు వాణికి అయిదో నెల నడుస్తోంది. అలాంటప్పుడు కాసులు కబురు పెట్టాడు, ఇంజను పట్టుకునే మనిషి కావాలి, రమ్మని.

ఆరు చేతులు పడ్డాక కాసులు పసుపు పళ్లెం పట్టుకుని మావాడి ముందు నిలబడ్డాడు.

"రా అల్లుడా. మీ ఏసు ఎనకాతల తిరిగినోల్లంతా సేపలోల్లే గదా. ఈ పసుపేటో ఆయనకి తెలీదేటి?"

అందరూ నవ్వారు. ధనరాజు కూడా నవ్వాడు. నవ్వి, ఆడవాళ్ల గుంపులో గంప పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు మొహం తిప్పుకున్నాను. మళ్లీ తిరిగేసరికి బోటు మీద ఏడు చేతులు ఉన్నాయి, వాడు అరచెయ్యి లుంగీకి తుడుచుకుంటున్నాడు.

ఎవరో ఫోనులో ఫొటో తీశారు. సాయంత్రానికి అది పేట మొత్తం తిరిగింది.

నాకు అక్షరాలు వచ్చింది అంతకు కాస్త ముందే. ఇక్కడి బడి ఒడియా బడి. ధనరాజు ఒడియా చదువుతాడు గాని తెలుగు రాదు, నాకు ఏదీ రాదు. వాణి ఇచ్ఛాపురం పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది. కాపరానికి వచ్చిన ఏడాది, ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుతూ ఊరికే కూర్చున్నాం కదా అని నాకు అచ్చులు మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం బైబిలు కాబట్టి అందులోంచే నేర్పింది. కథల పుస్తకం గాని పేపరు గాని నేను చూడలేదు. వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒత్తు దగ్గర ఆగి, మళ్లీ సాగేదాన్ని. ధనరాజు భోజనం చేస్తూ ఎగతాళి చేసేవాడు, మా అమ్మ అచ్చరాల్ని రొయ్యలు ఏరినట్టు ఏరతాది, ఒక్కటీ ఒగ్గదు అని. నిజమే, ఒక్కటీ వదిలేదాన్ని కాదు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే అనుకునేదాన్ని. యాభై దాటాక చదువు వచ్చినదాన్ని, అంత కష్టపడి కూడబలుక్కున్న మాటకి వెనక ఇంకో మాట ఉంటుందని ఎలా అనుకుంటాను?

తర్వాతి ఆదివారం గుడి విడిచాక బావగారు మా ఇంటికి వచ్చారు. నేను అరుగు మీద కత్తిపీట వేసుకుని కవళ్ల చేపలు కోస్తున్నాను. ధనరాజు గుమ్మంలో కూర్చున్నాడు. వాణి లోపల అన్నం వారుస్తోంది. ఆయన కూర్చోకుండానే ఫోను తీసి వాడి మొహం ముందు పెట్టారు.

"ఏటిది?"

"సెయ్యి, పెదనాన."

"ఎవలది?"

"నాదే."

ఆయన గొంతు పెంచలేదు. మా బావగారు కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడే మనిషి. వాక్యం నీకు తెలీదా అన్నారు. కుడి చెయ్యి నిన్ను తప్పులోకి లాగితే దాన్ని నరికి పారేయమని ప్రభువు చెప్పలేదా, ఒళ్లంతా నరకంలో పడేకంటే ఒక అవయవం పోవడం మేలు అనలేదా అన్నారు. ఆ పేజీ నేనూ వాణీ చదివాం. దాని ముందు కన్ను గురించి కూడా ఉంటుంది.

ధనరాజు గుమ్మం దిగి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని, చేపలు పెట్టుకున్న పీట మీద కుడి చెయ్యి చాపాడు.

"మరింకేటి, కొట్టీ పెదనాన. కత్తి అమ్మకాడే ఉన్నాది."

అది ఎగతాళీ కాదు, కోపమూ కాదు. వాడు నిజంగానే అడుగుతున్నట్టు ఉంది. నేను కత్తిపీటని వెనక్కి లాక్కున్నాను.

"నాటకాలొద్దురా," అన్నారు బావగారు. "సెయ్యంటే సెయ్యని కాదు దానర్థం. అది ఉపమానం. ఒల్లంటే ఇల్లు. సెయ్యంటే ఆ ఇంట్లో తప్పుకి లాగే మనిషి."

ఆ మాట వాడితో అంటూ నన్ను చూశారు.

"అలగయితే బోటు మీద సెయ్యి కూడా అలాటిదే గదా పెదనాన. నాను గంగమ్మకి మొక్కలేదు. ఈ ఆరుగురితో కలిసి ఎల్తాను, కలిసి వస్తాను అని సెప్పడానికి ఎట్టేను."

"అది ఉపమానం కాదు. అది పూజ."

ధనరాజు చెయ్యి తీసుకుని కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. పీట మీద పెట్టిన చెయ్యి కదా, పొలుసులు అంటుకున్నాయి.

బావగారు వెళ్తూ ఒక దారి చెప్పారు. వాడు తన చేత్తో ఆ గుర్తు రుద్ది తుడిచేసి, గుడిలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటే చాలు, ఇంకెవరూ ఏమీ అనరు. వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల ఉంది, ఆ లోగా తేల్చుకోమన్నారు. బల్ల అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం. తప్పులో ఉన్నవాళ్లు ఆ రోజు వెనకాల నిలబడాలి.

అన్నాలు తిన్నాక నేను ధనరాజుని బతిమాలాను. ఒక గుడ్డతో రుద్దితే పోయేదానికి ఇంత ఎందుకు, తుడిచేయరాదా అన్నాను.

"అమ్మా, గంగమ్మ మీద నాకు నమ్మకం నేదు. ఆ ఆరుగురికీ ఉన్నాది. రేపు నాను పోయి తుడిసేననుకో, ఆల్లకి అది ఎలగ అగుపిస్తాది? మనలో ఒకడు మునగాలని కోరేడని అగుపిస్తాది. భయం పట్టినోడి సేతికి తాడిచ్చి నడిసంద్రంలో ఏటి సెయ్యమంటావు? ఆడు వల లాగుతాడా, నన్ను సూస్తాడా?"

"పోనీ ఇంకో బోటు సూసుకో."

"ఏ బోటు? పెదనాన బోటా?"

వాడు కంచం ఎత్తి లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు ఇదే వాక్యం తీసుకుని బోధించారు. పాస్టరు బాబూరావు గారిని మేము అయ్యగారు అంటాం. బరంపురంలో హల్దియాపదర్‌లో ఉంటారు, ఆదివారాలు బండి మీద వస్తారు. ఆ రోజు వాన కోటుతోనే బల్ల పక్కన నిలబడి, నీళ్లు కారుతుండగానే మొదలుపెట్టారు. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఎక్కడో ఎవరో పూర్వకాలంలో కళ్లు పొడుచుకున్నారట, అది అజ్ఞానం అన్నారు. ప్రభువు మన ఒంటి మీద గాయం కోరడు. మనకి అన్నిటికంటే ప్రియమైనది ఏదైతే ఉందో, కుడిచెయ్యి అంత అవసరమైనది, కుడికన్ను అంత ముద్దయినది, అది మనల్ని తప్పులోకి లాగుతుంటే ఎంత నొప్పైనా దాన్ని దూరం పెట్టమని దాని భావం అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ గుడిలో ఉన్నవాళ్లందరి చూపులూ నా వీపు మీద ఉన్నాయని నాకు తెలుసు. అవసరమైనదీ ముద్దయినదీ నాకు ఇంకేముంది? మా ఆయన పోయాక చేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపూర్ వీధులన్నీ తిరిగింది ఎవరి కోసం?

ఆ పూట వాణి, నేను ఆ పేజీ మళ్లీ తీశాం. ఈసారి వాణి చదివింది, నేను విన్నాను.

"సెయ్యి మీ అబ్బాయి అయితే మరి కన్నెవలు అత్తా? నానేనా?"

"అయ్యగారు సెప్పేరు గదే."

"అయ్యగారు సెయ్యి సెయ్యి కాదన్నారు. మీ అబ్బాయని అననేదు. ఆ మాట పెద్దమావయ్య అన్నాడు."

"ఆయన సంగపెద్ద. ఆయనకి తెలీకుంటాదేటి?"

వాణి పేజీలో గుర్తుగా పెట్టిన రిబ్బను సరిచేసి పుస్తకం మూసింది.

బల్ల ఆదివారం దగ్గర పడింది. బావగారు మళ్లీ రాలేదు. నేనే ఒకరోజు ఆయన ఇంటి ముందు నుంచి వెళ్తుంటే పిలిచి, సరుగుడు తోపులో మా ఆయన సమాధి పక్కన ఇసక కోసుకుపోతోందని, రాళ్లు పేర్చాలని చెప్పారు. ఆ పక్క జాగా నీకని తమ్ముడు ఉన్నప్పుడే అనుకున్నాం, మరి తప్పుని ఇంట్లో పెట్టుకోకుండా సంఘంలో ఉన్నవాళ్లకే అక్కడ చోటు, నేను కాదు ఆ రూలు పెట్టింది అన్నారు. అంత మాత్రమే అన్నారు. నేను ఇంటికొచ్చి గంప దించి చాలాసేపు కూర్చున్నాను. చావు గురించి కాదు నా భయం. చచ్చాక మా ఆయన ఒకచోట, నేను ఒకచోట అయిపోతానని. ఇంకా నిజం చెప్పాలంటే మంట గురించి. ఒళ్లంతా మంటలో పడడం అని రాసి ఉంది కదా, అది కూడా ఉపమానమేనని నాకు ఎవరూ చెప్పలేదు.

శనివారం తెల్లారుతూనే వాన పట్టుకుంది. ధనరాజు వేటలో ఉన్నాడు. వాణి ఆసుపత్రిలో చూపించుకోవడానికి పక్కింటి జగ్గమ్మని తోడు తీసుకుని బరంపురం వెళ్లింది. నేను వాళ్ల గదిలోంచి పెట్టె, చాపలు, పరుపు, వాడి వల సంచీ, వాణి చీరల మూట ఒక్కొక్కటే అరుగు మీదకి తెచ్చాను. జల్లు కొడుతోంది. ఇంటి కప్పు మీదకని కొన్న కొత్త టార్పాలిన్ విప్పి వాటి మీద కప్పి, అంచులు ఇటుకలతో అదిమాను.

ధనరాజు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చేతిలో తన వాటా చేపలు ఉన్నాయి. అరుగు ముందు వానలో ఆగి చూశాడు.

"కొత్త టార్పాలిన్ తీసేవేటమ్మా."

"తడిసిపోతాయని."

"కప్పు కారతాది గదా మరి."

"కారనీ."

వాడు చేపల్ని గడప పక్కన పెట్టి, టార్పాలిన్ అంచున కూర్చున్నాడు. నేను లోపల ఉన్నాను. తలుపు వెయ్యలేదు. ఎందుకని వాడు అడిగితే చెప్పడానికి వాక్యం అంతా వరసగా నోట్లో పెట్టుకుని ఉన్నాను. వాడు అడగలేదు. వాణి వచ్చేదాకా అలాగే కూర్చుని, ఆమె గొడుగు మూస్తుంటే, ఎల్దామే అన్నాడు.

వాణి లోపలికి వచ్చి దువ్వెనా, మందుల కవరూ తీసుకుంది. పుస్తకం ముట్టుకోలేదు.

"నీ బీపీ మాత్తర్లు గూట్లో ఉన్నాయి అత్తా. పొద్దున్నది సగమే ఏసుకో," అంది.

మర్నాడు నేను బల్లకి ముందు వరసలో కూర్చున్నాను. అందరూ నాతో మంచిగా ఉన్నారు. ఆడవాళ్లు చోటిచ్చారు. బావగారు నా వైపు చూసి తల ఊపారు. అయ్యగారు రొట్టె విరుస్తూ ఇది ఆయన శరీరం అన్నారు. నా చేతిలో పెట్టిన ముక్క చూస్తూ, ఇది కూడా ఉపమానమా, నిజంగా అదేనా అని ఒక ఆలోచన వచ్చింది. అడగడానికి పక్కన వాణి లేదు. నోట్లో వేసుకుని మింగాను.

వాళ్లు ఎక్కడికో వెళ్లిపోయినా ఇంత ఉండేది కాదేమో. ధనరాజు కాసులు వలల పాకలో కాపరం పెట్టాడు. అది మా ఇంటికి కేక వేస్తే వినపడేంత దూరం. వానలో ఆ పాక తడికలు ఊగడం నాకు అరుగు మీంచి కనపడేది. వాణి ఏడో నెల వచ్చేదాకా అందులోనే ఉంది, తర్వాత వాళ్ల అన్న వచ్చి ఇచ్ఛాపురం తీసుకెళ్లాడు. వెళ్లేటప్పుడు మా ఇంటి ముందు నుంచే ఆటో పోయింది. నేను పెరట్లో ఉన్నాను. పెరట్లో ఎందుకు ఉన్నానో నాకు తెలుసు.

రోజూ పొద్దున్నే ఒడ్డున చేపల వేలంపాట జరుగుతుంది. నేను కూడా గంపతో వెళ్లాలి, వెళ్లకపోతే అమ్మడానికి ఏమీ ఉండదు. అంతకు ముందు నా కొడుకు వాటా నా గంపలోకి వచ్చేది. ఇప్పుడు నేను వేరే బోట్ల దగ్గర నిలబడి పాడుకునేదాన్ని. కాసులు బోటు ఒడ్డుకి తగిలితే వాడు ఇంజను పైకెత్తి నీళ్లలోకి దూకేవాడు. ఆ ఏడాది ఇలస చేపలు బాగా పడ్డాయి. గంగమ్మ కోపమూ రాలేదు, ప్రభువు కోపమూ రాలేదు. ఒకళ్లకీ దెబ్బ తగల్లేదు. ఏదైనా జరిగి ఉంటే నేను చేసింది ఇందుకని నాకు నేను చెప్పుకోవడానికి ఉండేది.

ఛత్రపూర్ కచేరీ వీధిలో ఒక ఒడియా ఆవిడ ఎప్పుడూ నా దగ్గరే కొంటుంది. మావుసీ, నీ కొడుకు తెచ్చిన చేపలేనా అని అడిగింది ఒకరోజు. అవునన్నాను. ఆ రాత్రి ఆ అబద్ధానికి క్షమించమని ప్రార్థన చేసుకున్నాను. అంత భయంగా ఉండేదాన్ని.

పుస్తకం రోజూ తీసేదాన్ని. తెలియని ఒత్తు వస్తే అడగడానికి ఎవరూ లేక అక్కడే ఆగి, పై పంక్తికి వెళ్లి, మళ్లీ వచ్చేదాన్ని. అలా ఆ ఒక్క పేజీలోనే వానాకాలం సగం గడిచింది.

దసరా వెళ్లాక అయ్యగారు కోత పండుగ కానుకల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చారు. బావగారు వెంట ఉన్నారు. టీ ఇచ్చాను. ఇంట్లోకి చూసి, కోడలికి నెలలు నిండి ఉండాలే, ప్రార్థన చేస్తాను, పిలవండమ్మా అన్నారు.

"ఇచ్ఛాపురంలో ఉన్నాదండి. పాపని కన్నాదట. జగ్గమ్మ సెప్పింది."

"జగ్గమ్మ చెప్పడమేంటి? ధనరాజు చెప్పలేదా?"

"ఆడు ఇక్కడుండడు గదండి. కాసులు పాకలో ఉంటాడు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. గుడికి రాకపోతే వేటలో ఉన్నాడనుకున్నాను, ఎప్పటి నుంచి అని అడిగారు. బల్లకి ముందు రోజు నుంచి అన్నాను. వాడే వెళ్లిపోయాడా అన్నారు. కాదండి, నేనే పంపాను అన్నాను. మీరు ప్రియమైనదాన్ని దూరం పెట్టమన్నారు కదండి అన్నాను. నా గొంతులో నిష్ఠూరం లేదు. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాను.

అయ్యగారు చదువుకున్న మనిషి, మంచి మనిషి కూడా, ఆయన మొహం నిజంగానే పాలిపోయింది.

"అమ్మా, దూరం పెట్టడమంటే మనసులో. ఆ తప్పుని మనసుకి దూరంగా ఉంచుకోమని. కన్నకొడుకుని ఇంట్లోంచి పంపమని ఎవరన్నారమ్మా?"

నేను బావగారి వైపు చూశాను. ఆయన కండువాతో మెడ తుడుచుకుంటున్నారు.

"ఆడు దార్లోకొస్తాడని ఓ మాటన్నాను అయ్యగారూ. బెదిరించడానికి అనుకోండి. నిజంగా సామాను బయట పెట్టీస్తాదని నాను అనుకున్నానేటి?"

చెయ్యి అంటే చెయ్యి కాదు. దూరం అంటే దూరం కాదు. చోటు లేదన్న మాట కూడా మాటవరసకే. అందరూ ఏదో ఒకటి అనుకుని ఇంకేదో అన్నారు. అన్నది అన్నట్టు చేసింది నేను ఒక్కదాన్నే.

ఇప్పుడేం మించిపోలేదు అన్నారు అయ్యగారు లేస్తూ. మీరే వెళ్లి పిలవండి, సంఘం ఏమీ అనదు, నేను చూసుకుంటాను అన్నారు. వాడు తిరిగి ఇంటికి రావాలని నిలబడి ప్రార్థన చేశారు. బావగారు ఆమెన్ అన్నారు.

తాబేళ్ల బంద్ మళ్లీ మొదలయ్యే ముందు రోజు బోట్లన్నీ ఒడ్డుకి లాగేశారు. ధనరాజు సంచీ భుజాన వేసుకుని పాకలోంచి బయటికి వచ్చాడు. తాబేళ్ల బంద్ లేని ఇచ్ఛాపురం వైపు, బావమరదుల బోటు మీద పనికి వెళ్లిపోతున్నాడని కాసులే నాకు కబురు పెట్టాడు, పిలిస్తే ఇప్పుడే పిలువు అని. నేను ఎదురు వెళ్లాను. వాడు చిక్కిపోయాడు. గెడ్డం వచ్చింది.

"ఇంటికి రారా," అన్నాను.

వాడు సంచీ దించాడు. వాడి మొహంలో ఏదో మెత్తబడింది, చిన్నప్పుడు జ్వరం దిగినప్పుడు అలా ఉండేది. ఇంటి వైపు ఒకడుగు వేశాడు కూడా. నేను సంచీ అందుకోబోయాను. అప్పుడు ఆగి నన్ను చూశాడు.

"నువ్వు పిలుస్తన్నావా అమ్మా, అయ్యగారు పిలవమన్నారా?"

నేను పిలుస్తున్నాను అంటే చాలు. వచ్చేవాడే. వాణీ వచ్చేది, పాపా వచ్చేది. ఆ మాట నిజం కూడా. అయ్యగారు చెప్పకపోయినా వానలో ఆ పాక కేసి చూసిన ప్రతిరోజూ నేను వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను. కానీ పిలవకుండా ఉన్నదీ నేనే. ఆయన చెప్పేదాకా నా కాళ్లు కదల్లేదు. నాకు నోటికొచ్చిన ఆ పేజీలోనే, చెయ్యి గురించి చెప్పిన దానికి కాస్త కింద, అవునంటే అవును, కాదంటే కాదు అనాలి, అంతకు మించింది పాపం అని ఉంటుంది. నేను దాన్ని కూడా రాసి ఉన్నట్టే చదువుకున్నాను.

"అయ్యగారు సెప్పేరు," అన్నాను.

వాడు తల ఊపాడు. వంగి సంచీ ఎత్తుకున్నాడు. కోపం లేదు. అదే బాధ, కోపం లేదు.

"పాప నీలాగే ఉన్నాదమ్మా," అన్నాడు. "నుదురు."

ఇసక దారిలో రోడ్డు దాకా వాడు వెనక్కి తిరగలేదు. బస్సు వచ్చినట్టుంది, హారను వినపడింది.

ఆదివారం గుడి విడిచాక అయ్యగారు నా దగ్గరికి వచ్చి, కొడుకు వచ్చాడా అమ్మా అని అడిగారు.

"వచ్చేడండి," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం అన్నారు.